50 హెర్ట్జ్‌లో కొడితే 55 డెసిబెల్స్ దాటవా?

ఆమదాలవలస నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. చెల్లి పెళ్ళి. ఇంటి ముందే పందిరి, డీజే మాట్లాడుకున్నారు. మైకు అనుమతికి వెళ్తే, "ఇళ్ళ మధ్య కదా, పగలు 55 డెసిబెల్స్ రూలుంది, చూసుకోండి" అన్నారట. డీజే కుర్రాడిని అడిగితే వాడు నవ్వేసి, "ఏటి అన్నియ్యా, మన బేస్ బాక్సు కొట్టేదే 50 హెర్ట్జ్‌లో. 55 ఎలగ దాటతాది?" అన్నాడట. తమ్ముడికి అనుమానం వచ్చి, వాడి బాక్సు మోగుతుంటే ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టి చూస్తే 78 కనిపించింది. ఇందులో ఎవరి మాట నిజం అని అడుగుతున్నాడు.

డీజే కుర్రాడి మాట తప్పు తమ్ముడూ. బస్తా ఎన్ని కిలోలు అంటే మా ఊరు పది కిలోమీటర్లే అన్నట్టుంది అది. హెర్ట్జ్‌ని డెసిబెల్‌గా మార్చే లెక్క ఏ పుస్తకంలోనూ లేదు, ఉండదు. రెండూ వేరే వేరే సంగతులు. కానీ వాడి మాటలో వాడికే తెలియని నిజం ముక్క ఒకటి ఉంది. నేను ఇంత పొడుగ్గా రాయడానికి కూర్చున్నది దాని కోసమే. కాస్త ఓపిక పట్టు.

నాది విజయనగరం. మాది మైక్‌సెట్టు ఇల్లు. నాన్న కాలంలో గొట్టం మైకులు, గ్రామఫోను రికార్డులు. నా చేతికొచ్చి 29 ఏళ్ళు. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను గానీ, అక్కడ చదివింది ఈక్వలైజర్ (కీచునీ బేస్‌నీ విడివిడిగా పెంచి తగ్గించే పెట్టె) మీద చెయ్యి పడ్డాకే బుర్రకెక్కింది.

అసలు ఈ తికమక సగం మన భాషలోనే ఉంది. పేపర్లో "శబ్ద స్థాయి 90 డెసిబెల్స్" అని రాస్తారు. సంగీతం మాస్టారు "తార స్థాయిలో పాడు" అంటారు. రెండు చోట్లా స్థాయే. మొదటిది ఎంత గట్టిగా అన్న సంగతి, రెండోది ఎంత పైన అన్న సంగతి. తార స్థాయిలో మెల్లగా పాడొచ్చు, మంద్ర స్థాయిలో ఊరదిరేలా పాడొచ్చు. "వివాదం తారస్థాయికి చేరింది" అని రాసే విలేకరి మాత్రం రెండూ కలిపేస్తాడు. ఇంకోటి, "సన్నగా". సన్నని గొంతు అంటే కీచుగా ఉండే గొంతు. అదే "సన్నగా వినబడుతోంది" అంటే సరిగ్గా వినబడటం లేదని. మాట ఒకటే, కొలతలు రెండు.

అయితే తేడా చెప్పే మాటలు కూడా మన దగ్గర శుభ్రంగా ఉన్నాయి. కీచు, బొంగురు: ఇవి హెర్ట్జ్ మాటలు. గట్టిగా, మెల్లగా: ఇవి డెసిబెల్ మాటలు. దోమ చెవి దగ్గర పాడేది కొన్ని వందల హెర్ట్జ్, కానీ దుప్పటి ముసుగేస్తే వినబడదు. అంటే హెర్ట్జ్ ఉంది, డెసిబెల్స్ లేవు. ఆంబోతు రంకె దోమ పాట కంటే హెర్ట్జ్‌లో చాలా కింద, డెసిబెల్స్‌లో ఎంతో పైన.

జముకుల కథ చూశావా? చూసుంటే నీకు ఫిజిక్స్ పాఠం అక్కర్లేదు. తోలు బిగించిన డొల్ల, ఆ తోలు నడుమ నుంచి ఒక తంత్రి. ఒక చేత్తో తంత్రిని లాగి పట్టుకుంటాడు, రెండో చేత్తో మీటుతాడు. లాగితే "జుమ్" కాస్తా పైకెక్కుతుంది, వదిలితే కిందికి జారుతుంది. అది హెర్ట్జ్ చెయ్యి. గట్టిగా మీటితే వీధి చివరి దాకా, మెల్లగా మీటితే ముందు వరస దాకా. అది డెసిబెల్ చెయ్యి. రెండు చేతులు, రెండు పనులు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెక్కతో వీణలు చేస్తారు కదా, వాటిలోనూ ఇదే. తంత్రిని సరిగ్గా సగం పొడవు దగ్గర నొక్కితే సెకనుకి ఊగే లెక్క రెట్టింపవుతుంది, ఆధార షడ్జం కాస్తా పై షడ్జం అవుతుంది. మీటే గోరు ఎంత బలంగా తగిలినా ఆ స్వరం మారదు, మోత మారుతుందంతే.

హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్నిసార్లు, అంతే. పాఠ్యపుస్తకం దీన్నే పౌనఃపున్యం అంటుంది. 50 హెర్ట్జ్ అంటే బాక్సులో పేపర్ కోన్ సెకనుకి 50 సార్లు ముందుకీ వెనక్కీ ఆడుతుంది. బేస్ బాక్సు మీద చెయ్యి వేస్తే ఆ ఆట తెలుస్తుంది కూడా. నాన్న పాత ఆంప్లిఫయర్ వెనక రేకు మీద హెర్ట్జ్ అని ఉండేది కాదు, "50 సైకిల్స్" అని ఉండేది. హెర్ట్జ్ పేరు ప్రపంచమంతటికీ అధికారికంగా స్థిరపడింది 1960లో. తమాషా ఏమిటంటే, ఆ పేరుగల జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ హెర్ట్జ్ పేరు మోగింది శబ్దం వల్ల కాదు. 1880ల చివర్లో రేడియో తరంగాలు ఉన్నాయని చూపించి, 1894లో 36 ఏళ్ళకే పోయాడు. అందుకే ఈ కొలత శబ్దం సొత్తు కాదు. మన ఇంటి కరెంటూ 50 హెర్ట్జే, రేడియో స్టేషన్ నంబర్లూ హెర్ట్జే. కరెంటు 50 హెర్ట్జ్ అంటే 50 మోత అని అర్థం కాదు కదా! ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడితే వినబడే ఆ "గుమ్మ్" మాత్రం 100 హెర్ట్జ్, ఎందుకంటే కరెంటు ఒక్కో చుట్టులో రెండుసార్లు దాని ఇనప గుండెని సాగదీస్తుంది. మనిషి చెవికి అందేది సుమారు 20 నుంచి 20,000 దాకా. నీ బాక్సు డబ్బా మీద రాసే 20-20,000 అదే. అది మోత గురించి ఒక్క ముక్క చెప్పదు.

ఇప్పుడు డెసిబెల్. దీన్ని చూసి భయపడతారు గానీ, ఇది సున్నాలు లెక్కపెట్టే పద్ధతి. చెవికి అందీ అందని సన్నటి చప్పుడుని ఒకటి అనుకో. చెవులు నొప్పి పుట్టే మోతలో దానికి దాదాపు లక్ష కోట్ల రెట్ల శక్తి ఉంటుంది. ఒకటి పక్కన పన్నెండు సున్నాలు. అన్ని సున్నాలు రోజూ ఎవరు రాస్తారు? సున్నాలే లెక్కపెట్టి పదితో గుణించారు: 120 డెసిబెల్స్. మామూలుగా ఇద్దరు మాట్లాడుకుంటే 60, అంటే ఆరు సున్నాలు, పది లక్షల రెట్లు. ఈ పద్ధతి పుట్టింది 1920ల్లో, అమెరికా టెలిఫోను వాళ్ళ దగ్గర. తీగలో మైళ్ళ తరబడి వెళ్ళేసరికి మాట ఎంత అరిగిపోయిందో కొలుచుకోడానికి. గ్రాహం బెల్ పేరు పెట్టారు, బెల్‌లో పదో వంతు డెసిబెల్.

అంటే డెసిబెల్ ఎప్పుడూ "దేనితో పోలిస్తే?" అన్న ప్రశ్నకి జవాబు. ఇది పట్టుబడనంత కాలం సున్నా దగ్గర బోల్తా పడుతూనే ఉంటాం. నా దగ్గర పనికి చేరిన ప్రతి కుర్రాడూ మొదటి వారంలో అడిగేది ఇదే: "మిక్సర్‌లో సున్నా మీదుంది, సౌండు ఇంత వస్తాదేటి?" ఆ సున్నా అంటే వచ్చిన సిగ్నల్‌ని పెంచకుండా, తగ్గించకుండా వదిలేశామని. గాలిలో శబ్దానికి సున్నా వేరే, 20 మైక్రోపాస్కల్స్ ఒత్తిడి, సుమారుగా మంచి చెవి పట్టుకోగల చివరి అంచు. అక్కడా సున్నా అంటే నిశ్శబ్దం కాదు. సున్నా కిందికి మైనస్ కూడా ఉంటుంది.

సున్నాల లెక్క కాబట్టి మామూలు కూడిక పనిచెయ్యదు. 90 ఇచ్చే బాక్సు పక్కన ఇంకో 90 బాక్సు పెడితే 180 రాదు. శక్తి రెట్టింపైతే పెరిగేది మూడే, 93. నాలుగు బాక్సులకి 96. పది బాక్సులకి 100. చెవి సంగతి ఇంకా విడ్డూరం. పది డెసిబెల్స్ పెరిగితే గానీ "ఆ, రెట్టింపయింది" అని చాలామందికి అనిపించదు. కస్టమరు వచ్చి "పోయిన ఏడాది కంటే డబుల్ సౌండు కావాలి" అని రెండు బాక్సులకి బదులు నాలుగు అడిగితే నేను నోరు మూసుకుని ఇచ్చేవాణ్ణి. అద్దె డబుల్ అవుతుంది, సౌండు అవదు. ఇప్పుడు చెబుతున్నాను, తప్పు ఒప్పుకున్నట్టే అనుకో.

రెండు కొలతలూ ఒకేచోట కంటికి కనబడేది ఈక్వలైజర్ మీద. మా పెద్ద ఈక్వలైజర్‌కి 31 స్లైడర్లు. ఒక్కోదాని కింద ఒక హెర్ట్జ్ నంబరు: ఎడమ చివర 20, కుడి చివర 20,000. స్లైడరు పైకీ కిందికీ జరిగేది డెసిబెల్స్‌లో, ప్లస్ 12 నుంచి మైనస్ 12 దాకా. ఏ స్లైడరు అన్నది హెర్ట్జ్, ఎంత జరిపావన్నది డెసిబెల్.

గజపతినగరం అవతల ఒక ఊళ్ళో అమ్మవారి పండగ. కథ చెప్పే పెద్దాయన ఊపు మీదున్నాడు, చిందులేస్తూ సరిగ్గా బాక్సు ముందుకొచ్చాడు. మైకు "కూఊఊ" అని కూత అందుకుంది. బాక్సులో వచ్చింది మైకు మళ్ళీ తాగి, మళ్ళీ బాక్సుకిచ్చి, అలా తిరుగుతూ పెరిగిపోయే కూత అది. కొత్త కుర్రాడు హడలిపోయి మాస్టర్ వాల్యూము దించేశాడు. కూత ఆగింది, కథా ఆగింది. వెనకనుంచి "ఒరే మైకోడా!" అని కేకలు. నేను పరుగెత్తుకొచ్చి మాస్టర్ మళ్ళీ పైకి తోశాను. కూత మళ్ళీ మొదలైంది. దాని కీచుదనాన్ని బట్టి 2,500 దగ్గర అనిపించింది. ఆ ఒక్క స్లైడరు ఆరు డెసిబెల్స్ కిందికి లాగాను. కూత చచ్చిపోయింది, పెద్దాయన గొంతు అలాగే ఉంది, జనానికి ఏం జరిగిందో కూడా తెలీదు. వాడు అన్ని హెర్ట్జ్‌ల దగ్గరా డెసిబెల్స్ తగ్గించాడు. నేను ఒక్కచోట తగ్గించాను. ఆ కుర్రాడికిప్పుడు సొంత సెట్టుంది, నాకంటే బాగా కొడతాడు.

ఇక మీ డీజే కుర్రాడి మాటలోని నిజం ముక్క.

మన చెవి అన్ని హెర్ట్జ్‌లనీ సమానంగా చూడదు, పక్షపాతం జాస్తి. రెండు వేల నుంచి అయిదు వేల హెర్ట్జ్ మధ్య మహా చురుకు. పసిపిల్ల ఏడుపులో చెవిని పొడిచే భాగమంతా అక్కడే ఉంటుంది. అదే 50 హెర్ట్జ్ దగ్గర చెవి బద్ధకం. 1933లో ఫ్లెచర్, మన్సన్ అని బెల్ ల్యాబ్స్ (అమెరికా టెలిఫోను వాళ్ళ పరిశోధనశాల) వాళ్ళు దీన్ని గీతలు గీసి చూపించారు. అందుకని శబ్దం కొలిచే మీటరుకి చెవి బుద్ధి నేర్పారు. దాని పేరు "ఏ" (A) వెయిటింగ్. 1,000 హెర్ట్జ్ దగ్గర ఉన్నదున్నట్టు చూపిస్తుంది. 100 హెర్ట్జ్ దగ్గర 19 తీసేస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 30 తీసేస్తుంది.

మన శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. వాటిలో ఇళ్ళ ప్రాంతానికి రాసిన 55, ఈ "ఏ" మీటరు మీద చూసే 55. కాబట్టి మీ పందిట్లో వట్టి 50 హెర్ట్జ్ మోత 90 డెసిబెల్స్ ఉన్నా మీటరు 60 చూపిస్తుంది. అదీ ముక్క! వాడు అన్న కారణం శుద్ధ తప్పు. కానీ బేస్ మాత్రమే కొడితే మీటరు నిజంగానే తక్కువ చూపిస్తుంది.

దాని మీద రెండు దెబ్బలున్నాయి. ఒకటి, వట్టి 50 హెర్ట్జ్ ఎవరు కొడతారు? పాట ఉంటుంది, గొంతు ఉంటుంది, చప్పట్లు, తాళం అన్నీ ఉంటాయి. అవి మీటరుకి నిండుగా దొరుకుతాయి. నీ యాప్ 78 చూపించింది అందుకే. రెండోది, "ఏ" మీటరు ఆ 30 తీసేసేది మెల్లని శబ్దాల దగ్గర చెవి తీరుని బట్టి. మోత పెరిగేకొద్దీ చెవి బేస్‌ని అంత తక్కువగా ఏం చూడదు. పైగా అది చెవితో ఆగదు. 50 హెర్ట్జ్ అల ఒక్కోటి దాదాపు ఏడు మీటర్ల పొడవు. తలుపు వేసినా, గోడ అడ్డొచ్చినా చుట్టు తిరిగి, దూరి వచ్చేస్తుంది. ఊరేగింపు దూరం నుంచి వస్తున్నప్పుడు గమనించు. ముందుగా వచ్చేది "దుమ్, దుమ్" ఒక్కటే. ఏ పాటో తెలిసేది అది వీధి మలుపు తిరిగాకే. పాటలో పైన ఉన్న హెర్ట్జ్‌లన్నీ దారిలో గోడలకీ, చెట్లకీ రాలిపోతాయి. బేస్ మాత్రం ఇల్లిల్లూ పలకరించుకుంటూ వస్తుంది. పక్కింటి ముసలాయన "నా గుండెల మీద కొడుతున్నారురా" అంటే ఆయన చాదస్తం అనుకోకు, కిటికీ రెక్కలు కూడా అదే మాట అంటుంటాయి.

మీటరు ఎవరి దగ్గరైనా దొరికితే ఒక పని చెయ్యి. "ఏ" వెయిటింగ్ మీద ఎంతుందో చూసి, "సీ" (C) వెయిటింగ్‌కి మార్చు. "సీ" 50 హెర్ట్జ్ దగ్గర ఒకటీ అరా తప్ప తీసెయ్యదు. "ఏ"లో 60, "సీ"లో 85 దాటితే గొడవంతా బేస్‌దే. అప్పుడు మాస్టర్ తగ్గించమని వాడితో గొడవపడకు, "బేస్ బాక్సుకి పది తగ్గించు" అను. పది అంటే వాడికి అర్థమవుతుంది.

నీ ఫోను యాప్ సంగతి. ఫోను మైకు మాటల కోసం చేసింది, కింది హెర్ట్జ్‌లని సరిగ్గా తీసుకోదు. దాన్ని ఎవరూ సరిచూసి ఇవ్వలేదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూసుకోడానికి బాగానే ఉంటుంది, కేసు పెట్టడానికి పనికిరాదు. అసలు మీటర్లని సరిచూసే చిన్న డబ్బా ఒకటుంటుంది. మీటరు మైకుకి తొడిగి బొత్తాం నొక్కితే "టీ" అని ఒకే స్వరం. దాని మీద రాసుంటుంది: 94 డెసిబెల్స్, 1,000 హెర్ట్జ్. ఒకే కూత, రెండు కొలతలూ పక్కపక్కనే. తేడా అర్థం కాలేదన్నవాడికి నేను అదే చేతిలో పెడతాను.

ఇక నీ పెళ్ళి. సొంత ఇంటి పందిరైతే ప్రహరీ దగ్గర, ఆ ప్రాంతపు 55కి అయిదు దాకా ఎక్కువ ఉండొచ్చు, అంటే 60. అదే పబ్లిక్ స్థలమైతే పది ఎక్కువ లేదా మొత్తం 75, ఏది తక్కువైతే అది. రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా ఆరుబయట మైకే లేదు. పండగలకి కొన్ని రోజులు సర్కారు ఇచ్చే సడలింపు వేరే. ఇప్పుడు నీ డీజే బాక్సు వెనక చూడు, 98 డెసిబెల్స్ అనో ఏదో ఉంటుంది. ఒక్క వాటు కరెంటు ఇస్తే ఒక మీటరు దూరంలో 98 అని దానర్థం. పది వాట్లకి 108, వంద వాట్లకి 118. దూరం రెట్టింపైనప్పుడల్లా ఆరు తగ్గుతుంది: 2 మీటర్ల దగ్గర 112, 4 దగ్గర 106, 8 దగ్గర 100, 16 దగ్గర 94. ప్రహరీ 16 మీటర్ల దూరంలో ఉందనుకో. 94ని 60 చెయ్యాలంటే 34 తగ్గాలి, అంటే వంద వాట్లలో రెండున్నర వేల వంతు. వాటులో ఇరవై అయిదో వంతు! వేల వాట్ల బాక్సు తెచ్చి ఆ లెక్కలో కొట్టమంటే ఏ డీజే కొడతాడు? గోడలూ మనుషులూ కొంత మింగినా లెక్క పెద్దగా మారదు.

అందుకని పెద్ద బాక్సులు వద్దు. చిన్న కాలమ్ స్పీకర్లు నాలుగు తీసుకో. పందిరి నాలుగు మూలల నుంచి లోపలికి తిప్పి, మనుషులకి మూడు నాలుగు మీటర్ల దూరంలో పెట్టు. దగ్గర్లో ఉంటే తక్కువ మోతతోనే సరిపోతుంది, గోడ దాటేసరికి నీరుగారిపోతుంది. డాన్సులకి పనికిరాదని కుర్రాళ్ళు గొణుగుతారు, గొణగనీ. సన్నాయి, డోలు పెట్టించు అని నేను అనను, అవి దగ్గరగా ఉంటే డీజేకి తీసిపోవు. ఒకసారి ముహూర్తం వేళ డోలు పక్కన మీటరు పట్టి చూసి నేనే నమ్మలేదు.

పిల్లల్ని మాత్రం బాక్సు ముందు నిలబెట్టకు. చెవికి 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు, ఆపైన ప్రతి మూడుకీ సమయం సగం అని అమెరికాలో పనిచోట్ల ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ లెక్క. 88కి నాలుగు గంటలు. 100కి పావుగంట. డీజే ముందు 100 అంటే తక్కువే.

ఈ చివరి లెక్క నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మూడేళ్ళ కింద విశాఖలో చెవి పరీక్ష చేయించుకుంటే ఒక గ్రాఫు చేతికిచ్చారు. అడ్డంగా హెర్ట్జ్: 250, 500, 1,000, 2,000, 4,000, 8,000. నిలువుగా డెసిబెల్స్, పైన సున్నా, కిందికి పోయేకొద్దీ వినికిడి తక్కువ. అక్కడి సున్నా ఇంకో సున్నా, ఆరోగ్యంగా ఉన్న పడుచు చెవుల సగటు. చూడగానే ఈక్వలైజర్‌లా అనిపించింది. స్లైడర్లన్నీ ఇంచుమించు పైనే ఉన్నాయి, 4,000 దగ్గర ఒక్కటి గుంటలో పడిపోయింది. మోతలో బతికినవాళ్ళలో చాలామందికి గుంట అక్కడే పడుతుందట. జూట్ మిల్లులో మగ్గాల మధ్య పనిచేసిన మా మావయ్య, "అరవకురా, వినబడుతోంది, ఏటన్నావో తెలీటం లేదు" అని ఎందుకనేవాడో ఆ రోజు అర్థమైంది. స, శ, త లాంటి హల్లుల పదునంతా పై హెర్ట్జ్‌లలోనే ఉంటుంది. అది పోయాక గట్టిగా అరిస్తే అచ్చులే పెరుగుతాయి.

నా గుంట లోతు 55 డెసిబెల్స్. కీచురాయి కూసేది నాలుగయిదు వేల హెర్ట్జ్ దగ్గర. వానాకాలం రాత్రి మా ఆవిడ "ఈ కీచురాళ్ళ గోలకి నిద్ర పట్టటం లేదు" అంటుంది. కిటికీ వేసి పడుకుంటాను. వేసినా వెయ్యకపోయినా నాకు ఒకటే.